జేడెన్ డేనియల్స్ మొదటి సీజన్: రిసీవర్లు సరిపోయారా?

పటమట కుర్రాడు:
2024లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో వాషింగ్టన్ కమాండర్స్ తరఫున డేనియల్స్‌వి 3,568 యార్డుల పాసింగ్, 25 టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి చేసే స్కోర్లు), 9 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థికి చిక్కిన పాసులు), పైగా కాళ్లతో 891 యార్డులు. కొత్త క్వార్టర్‌బ్యాక్‌కి (పాసులు విసిరే ఆటగాడికి) ఇది మామూలు విషయం కాదు. కానీ మెక్‌లారిన్ పక్కన ఇంకో గట్టి రిసీవర్ (పాసులు పట్టేవాడు) ఉంటే ఇంకెంత కొట్టేవాడో కదా?

బ్రాడీపేట బాబాయ్:
మెక్‌లారిన్‌వి 1,096 యార్డులు, 13 టచ్‌డౌన్లు, ఆయన్ని ఆపితే మిగిలింది ఎర్ట్జ్, ఆయన టైట్ ఎండ్ (ప్రత్యర్థుల్ని అడ్డుకుంటూ పాసులూ పట్టేవాడు), వయసు 30 దాటింది, అయినా 7 టచ్‌డౌన్లు పట్టాడు లే. నన్నడిగితే రెండో రిసీవర్ లేకపోవడం వల్లే కుర్రాడు అన్నిసార్లు బంతి పట్టుకుని పరిగెత్తాల్సి వచ్చింది, ఆ సన్నటి ఒళ్లుతో అన్ని దెబ్బలు తినడం చూస్తే నాకు టెన్షన్.

లబ్బీపేట:
పరుగు అతని ఆటలోనే ఉంది బాబాయ్, కాలేజీలోనూ అంతే.

పటమట కుర్రాడు:
మరి చికాగో బేర్స్ జట్టు మీద 52 యార్డుల ఆఖరి పాస్? మనకి తెల్లారుజామున, ఇంట్లో అందరూ లేచేలా అరిచాను.

బ్రాడీపేట బాబాయ్:
అది ఎవరి చేతికో తగిలి వెనక నోవా బ్రౌన్‌కి దొరికింది తమ్ముడూ, అదృష్టం! అంతకుముందు సీజన్లో 4 గెలిచి 13 ఓడిన జట్టుని 12-5 చేశాడే, అదీ లెక్క. ప్లేఆఫ్స్‌లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ 55-23తో చితక్కొట్టారంటే తప్పు డిఫెన్స్‌ది, ఇతనిది కాదు.