గినీ పిగ్స్‌కి టిమోతీ గడ్డి బదులు మన గరిక, వేరుశనగ కట్టె పెట్టొచ్చా? ఒకటి కాలు ఈడుస్తోంది

తాడిపత్రి అమ్మాయి:
అందరికీ నమస్తే. మా పాప గోల తట్టుకోలేక రెండు గినీ పిగ్స్ తెచ్చుకున్నాం, రెండూ ఆడవే అని అమ్మినాయన చెప్పాడు. వీటికి మేతగా వేసే విదేశీ ఎండుగడ్డి, టిమోతీ, ఆన్‌లైన్‌లో తెప్పిస్తే గడ్డి రేటు ఒకటి, కొరియర్ రేటు ఒకటి, రెండూ కలిపితే మా ఇంటి కూరగాయల ఖర్చును మించిపోతోంది. అందుకని షాపులో ఇచ్చిన గింజల మిక్సు, వరిగడ్డి, దోసకాయ, క్యారెట్ పెడుతున్నాం. మా మామ వాళ్ల చేలో వేరుశనగ కట్టె వామి ఉంది, జొన్న చొప్ప ఉంది, గట్ల మీద గరికకైతే కొదవే లేదు. వీటిలో ఏది పెట్టొచ్చు?

ఇంకోటి, నల్లది కొన్ని రోజులుగా డల్‌గా ఉంది. బొచ్చు గరుకుగా లేచి నిలబడింది, వెనక కాలు ఈడుస్తోంది, ఎత్తుకుంటే కీచుమని అరుస్తోంది. తెల్లది బాగానే ఉంది. ఎక్కడైనా దూకి కాలు బెణికి ఉంటుందా? ఇక్కడ పశువుల ఆసుపత్రికి బర్రెలు, గొర్రెలు, కుక్కలే వస్తాయి, వీటిని చూస్తారో లేదో అని తీసుకెళ్లలేదు.

బురుజు పక్కన:
కర్నూలు నుంచి. అక్కా, బెణుకు కావచ్చు గానీ మీరు రాసిన మెనూ చూస్తే నాకు ముందు విటమిన్ సి మీదే అనుమానం. కుక్క, పిల్లి, గొర్రె తమ ఒంట్లోనే సి తయారు చేసుకుంటాయి. మనుషులకీ గినీ పిగ్స్‌కీ ఆ శక్తి లేదు, రోజూ తిండిలోంచే రావాలి. రాకపోతే రెండు మూడు వారాల్లోనే కీళ్లు వాచి, ముట్టుకుంటే నొప్పితో అరుస్తాయి, బొచ్చు కళ తప్పుతుంది, చిగుళ్లలో రక్తం వస్తుంది. దోసకాయలో ఉండేదంతా నీళ్లే. క్యారెట్‌లో సి అంతంతమాత్రం, పైగా తీపి.

కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి. క్యాప్సికం తీసుకురండి, రోజూ ఒక్కోదానికి పావు కాయ ఇస్తే దాదాపు సరిపోతుంది. దాంతోపాటు కాస్త కొత్తిమీర. జామకాయలో సి బాగా ఎక్కువే గానీ తీపి కాబట్టి వారానికి ఒకట్రెండు సార్లు చిన్న ముక్క చాలు. విటమిన్ బిళ్లలు నీళ్ల బాటిల్లో కలపమని ఎవరైనా చెబితే వినకండి, నీళ్లలో అది తొందరగా విరిగిపోతుంది, రుచి మారిందని అవి నీళ్లే తాగడం మానేస్తాయి.

గింజల మిక్సు ఈ రోజే ఆపేయండి. అందులో గింజలు ఏరుకుని తిని గడ్డి వదిలేస్తాయి. గినీ పిగ్స్‌కి గడ్డే అన్నం, మిగతావన్నీ నంజుకోడానికే.

గొర్రెల మంద:
మేము గొర్రెలకు వేరుశనగ కట్టె వేస్తాం, నిగనిగలాడుతుంటాయి. వీటికీ అదే పడేయండి, ఇంత ఆలోచన ఎందుకు. కాలు నొప్పికి మా పిల్లోడి యాంటీబయాటిక్ సిరప్ ఉంటుంది కదా, అమాక్సిసిలిన్, రెండు చుక్కలు వేస్తే తగ్గిపోతుంది. మా కుక్కకు అట్లే తగ్గింది.

ప్రొద్దుటూరు వెటర్నరీ:
అన్నా, దయచేసి ఆ సిరప్ మాట వెనక్కి తీసుకోండి. మేడమ్, అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా పడితే గినీ పిగ్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చి, చెడ్డవి పెరిగి, విషం పుట్టి కొద్ది రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. కుక్కకు పనిచేసిందని వీటికి వేయకూడదు. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఈ ఒక్క ముక్క మీరే గుర్తు చేయండి, వాళ్లేమీ అనుకోరు.

నేను ఇక్కడి వెటర్నరీ కాలేజీలో చదువుతున్నా. చూడకుండా జబ్బు ఏమిటో చెప్పలేను, బెణుకో, విరుపో, సి లోపమో చేతితో తడిమి చూడాల్సిందే. రేపటికి వాయిదా వేయకుండా మీ ఊరి పశువుల ఆసుపత్రికే తీసుకెళ్లండి. సి లోపమే అయితే తగ్గేదాకా మామూలుకన్నా ఎక్కువ డోసు చుక్కలు రాస్తారు, అది డాక్టర్ చెప్పిన కొలతలోనే వేయాలి.

ఇక మేత. గరిక బ్రహ్మాండం. పచ్చిది కడిగి ఆరబెట్టి కొద్దికొద్దిగా అలవాటు చేయండి, ఒక్కసారిగా కడుపునిండా పెడితే పారుకుంటాయి. మిగిలింది నీడలో ఎండబెట్టి దాచుకుంటే అదే మీ టిమోతీ. మందు కొట్టిన చేను గట్టు మీదిది, కుక్కలు తిరిగే చోటుది మాత్రం వద్దు. వరిగడ్డిలో పసలేదు, కింద పరుపుగా వాడుకోండి. వేరుశనగ కట్టె పప్పుజాతిది కాబట్టి ప్రోటీన్, కాల్షియం ఎక్కువ. ఎదిగే పిల్లలకూ చూలుతో ఉన్నవాటికీ కొంచెం పరవాలేదు, పెద్దవాటికి అదే మేతైతే మూత్రసంచిలో రాళ్ల బెడద. వామి అడుగున బూజు వాసన వచ్చే కట్టె అయితే ఎవరికీ వద్దు, గొర్రెలక్కూడా. జొన్న సంగతి మన సీమవాళ్లకు చెప్పక్కర్లేదు, వానల్లేక వాడిన లేత పైరు తిని మందలు పడిపోయిన కథలు ఊరూరా ఉన్నాయి, ఆ విషం వీటికీ విషమే. ఎండిన చొప్పలో ఆ భయం తగ్గుతుంది గానీ అంత బిరుసుది వీటికెందుకు?

గడ్డి ఎందుకంటే వీటి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, నమిలితేనే అరుగుతాయి. అరగకపోతే నోటికి అడ్డం తిరిగి తిండి మానేస్తాయి.

బురుజు పక్కన:
తూకం గురించి నేను చెబుతా. వంటింటి డిజిటల్ కాటా మీద లోతుగా ఉండే స్టీలు గిన్నె పెట్టి, సున్నా చేసి, అడుగున కొత్తిమీర రెబ్బ వేసి దాన్ని కూర్చోబెట్టండి. నమిలేలోపు అంకె వచ్చేస్తుంది. వారానికోసారి అదే పూట చూసి కాయితం మీద రాసుకోండి. పెద్దది సాధారణంగా 700 నుంచి 1200 గ్రాముల మధ్య ఉంటుంది, కానీ ముఖ్యం అంకె కాదు, కిందికి జారుతోందా లేదా అన్నది. ఇవి జబ్బు దాచుకునే జాతి, మనకు కంటికి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. ఒక పూటంతా ఏమీ తినకపోయినా, పెంటికలు చిన్నవై తగ్గిపోయినా అప్పుడే పరుగెత్తాలి, తెల్లారేదాకా ఆగకూడదు. మెత్తటి పెంటిక తిరిగి తినడం చూసి కంగారు పడకండి, అది వాటి పద్ధతి.

ఇంకా ఎండాకాలం. మన దగ్గర 40 దాటడం మామూలు, వీటికి 28 దాటితేనే కష్టం. మేడమీద గదిలో, రేకుల కింద అస్సలు పెట్టకండి. నీళ్ల బాటిల్ ఫ్రీజర్‌లో పెట్టి, గడ్డకట్టాక గుడ్డ చుట్టి బోనులో పడేస్తే దాన్ని ఆనుకుని పడుకుంటాయి.

తాడిపత్రి అమ్మాయి:
అందరికీ థాంక్స్. డాక్టర్ చూశారు, ఎముక విరగలేదన్నారు, మోకాలు వాచిందట. సి చుక్కలు రాశారు. నేను యాంటీబయాటిక్ మాట ఎత్తితే నవ్వి "అది నాకు తెలుసమ్మా" అన్నారు. తూకం వేస్తే నల్లది 640, తెల్లది 810 గ్రాములు ఉన్నాయి. క్యాప్సికం నల్లది ముట్టలేదు, కొత్తిమీర మాత్రం లాక్కుని తింది. ఇంకో డౌటు, తెల్లదాని మూత్రం ఆరాక తెల్లగా సున్నంలా మరకలు పడుతున్నాయి. అది కూడా రోగమేనా? పాలకూర బాగా ఇష్టంగా తింటుంది, దానివల్లా?

ప్రొద్దుటూరు వెటర్నరీ:
పలచగా తెల్లటి మరక మామూలే, అదనపు కాల్షియం అలా బయటికి పోతుంది. వేలితో రాస్తే ఇసుకలా గరగరమన్నా, ఎర్రగా వచ్చినా, పోసేటప్పుడు మూలిగినా వెంటనే చూపించాలి. పాలకూర, తోటకూర, మునగాకు వారానికోసారికి తగ్గించండి. క్యాప్సికం ఎర్రది దొరికితే సన్నగా కోసి కొత్తిమీరలో చుట్టి పెట్టండి, తీపిగా ఉంటుంది, సి కూడా ఎక్కువ. అన్నట్టు, రెండూ ఆడవే అన్నది ఇంకోసారి డాక్టర్‌తో చూపించుకోండి. షాపుల్లో ఈ లెక్క తరచూ తప్పుతుంది. ఒకటి మగదై కలిసి ఉంటే రెండు నెలల్లో బొచ్చుతో, కళ్లు తెరుచుకుని పిల్లలు పుట్టేస్తాయి. ఏడు నెలలు దాటాక తొలి చూలు అయితే కాన్పు కష్టమై తల్లి ప్రాణం మీదికే వస్తుంది.