వేదాయపాళెంలో ఇంట్లోనే పచ్చళ్ల వ్యాపారం: ఇంటికి ఏ పర్మిషన్ కావాలి?

ప్రశ్న (నెల్లూరు, వేదాయపాళెం)

అందరికీ నమస్కారం. మాది జీ ప్లస్ వన్ సొంతిల్లు. కింద పోర్షన్ ఖాళీగా ఉంది. అందులో ఊరగాయలు, నల్లకారం, కందిపొడి చేసి అమ్మాలని అనుకుంటున్నాం. నేను, మా అత్తయ్య, ప్యాకింగ్‌కి ఒక అమ్మాయి, అంతే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు) వచ్చింది, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐకి (ఆహార భద్రత లైసెన్స్) అప్లై చేశాం. వీధిలో ఒకాయన మాత్రం ఇళ్ల మధ్య వ్యాపారం కుదరదు, కంప్లైంట్ ఇస్తే మూయిస్తారు అంటున్నారు. నిజమేనా? కారం కొట్టడానికి 3 హెచ్‌పీ పల్వరైజర్‌కి అడ్వాన్స్ ఇవ్వబోతున్నాం.

జవాబు (బిల్డింగ్ ప్లాన్ల పని చేసేవారు, నెల్లూరు)

ముందు ఆ అడ్వాన్స్ ఆపండమ్మా. మీ దగ్గరున్న రెండు కాగితాల్లో ఏదీ ఇంటికి సంబంధించింది కాదు. ఉద్యమ్ మీ వ్యాపారం పేరుకి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ మీరు చేసే తిండికి. ఆ చోట ఆ పని చెయ్యొచ్చా అన్నది టౌన్ ప్లానింగ్ వాళ్ల లెక్క. చాలామంది ఇక్కడే పొరబడి, సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించి గోడకి తగిలించాక నోటీసు అందుకుంటారు.

మొదట మీ స్థలం మాస్టర్ ప్లాన్‌లో (ఊళ్లో ఏ చోట ఇళ్లు, ఏ చోట వ్యాపారాలు అని చూపే పటం) ఏ జోన్‌లో ఉందో తేల్చుకోండి. రిజిస్ట్రేషన్ దస్తావేజులో సర్వే నంబరు ఉంటుంది. అది రాసుకుని మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని కలవండి. నోటి మాట తీసుకుని వచ్చేయకండి, మీ జోన్ ఏదో రాసిచ్చే ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్‌కి అప్లికేషన్ పెట్టండి. నివాస జోన్ అని వచ్చినా భయపడక్కర్లేదు. ఇంటివాళ్లే నడుపుకునే, చుట్టుపక్కల వాళ్లకి ఇబ్బంది లేని చిన్న వృత్తిని ఒక తీరుగా చూస్తారు, మోటారు పెట్టి సరుకు తయారుచేసే యూనిట్‌ని ఇంకో తీరుగా చూస్తారు. మీ జోన్‌కి ఏవేవి ఒప్పుకుంటారో జోనింగ్ నిబంధనల్లో జాబితా ఉంటుంది. ఆ పేజీ నకలు అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

రెండోది, మీ ఇంటి అప్రూవ్డ్ ప్లాన్ తీసి చూడండి. కింద భాగం పార్కింగ్ అని చూపించి తర్వాత గోడలు కట్టేసి ఉంటే, వ్యాపారం మాట అటుంచి ముందు ఆ గోడల మీదే నోటీసు వస్తుంది. కంప్లైంట్ మీద చూడటానికి వచ్చినవాళ్లు మొదట పట్టుకునేది ఇదే.

జవాబు (కరెంటు పనుల కాంట్రాక్టరు, కావలి)

పల్వరైజర్ గురించి చెప్తాను. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. మూడు హెచ్‌పీకి దాదాపు 2.2 కిలోవాట్లు. స్టార్టింగ్‌లో ఇంకా ఎక్కువ లాగుతుంది. మీ బిల్లు మీద కాంట్రాక్ట్ లోడ్ (మీ కనెక్షన్‌కి ఒప్పుకున్న కరెంటు) ఎంతుందో చూడండి, ఇళ్లకి చాలాచోట్ల అంతకన్నా తక్కువే రాసి ఉంటుంది. అసలు చిక్కు లోడు కాదు, మీటరు ఇంటికా వ్యాపారానికా అనే కేటగిరీ. గృహ మీటరు మీద వ్యాపారం నడిపితే విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 126 కింద అసెస్‌మెంట్ (అదనపు బిల్లు లెక్క) వేస్తారు. వర్తించే టారిఫ్‌కి రెట్టింపు. ఎప్పటినుంచి వాడుతున్నారో తేలకపోతే వెనక్కి 12 నెలలు లెక్కేస్తారు. ముందు తాత్కాలిక ఆర్డరు వస్తుంది, దానికి రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టుకునే హక్కు మీకుంది. దాన్ని పక్కన పడేస్తే తుది ఆర్డరు అయిపోతుంది. ఆ తర్వాత అప్పీలుకి వెళ్లాలంటే సగం డబ్బు ముందే కట్టాలి.

కింద గదికి వైరింగ్ విడదీసి, వేరే సర్వీసు అడగండి. పై ఇంటి నుంచి ఒక్క వైరు కూడా కిందికి దిగకూడదు. తనిఖీకి వచ్చినవాళ్లు మెయిన్ ఆపేసి ఏ లైటు వెలుగుతోందో చూస్తారు. వాణిజ్యమా, పరిశ్రమా అన్నది వాళ్లే తేలుస్తారు. కరెంటు కంపెనీ నెల్లూరుకి ఎస్‌పీడీసీఎల్, ఒంగోలు వైపు సీపీడీసీఎల్.

జవాబు (మొదటివారే)

కరెంటాయన చెప్పింది సరైన మాట. నా సలహా ఒకటే: మిషన్ ఇంట్లోకి తేవద్దు. మిరపకాయలు, పప్పులు బయట మరలో ఆడించుకుని, కలపడం, నింపడం ఇంట్లో చేసుకోండి. ఇళ్ల మధ్య కారం ఘాటు వల్ల కూడా కంప్లైంట్లు వస్తాయి. పక్కింట్లో పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఉంటే వాళ్ల బాధ కూడా నిజమే కదా. చప్పుడుకి కూడా హద్దుంది: నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45. మోటారు లేకపోతే మీ అప్లికేషన్ "గృహ వృత్తి" వైపు మొగ్గుతుంది, ఆఫీసులో చర్చే తగ్గుతుంది.

తర్వాత ట్రేడ్ లైసెన్స్, అంటే వ్యాపారానికి కార్పొరేషన్ ఇచ్చే అనుమతి. సచివాలయంలోనే అప్లై చెయ్యొచ్చు. ఇంటి పన్ను రశీదు, ఆధార్, ఫొటో, వాడే గది కొలతలు పట్టుకెళ్లండి. మొత్తం ఇల్లు రాయకండి, పన్ను మీదకొస్తుంది. వ్యాపారం చేసే భాగానికి నివాసేతర రేటు వేస్తారు, అది ఎక్కువ. 12 అడుగుల గది వాడితే ఆ గదే రాయండి, గీత గీసి స్కెచ్ జతచెయ్యండి. ఈ లైసెన్స్ గడువు ఎప్పటిదాకానో చూసుకోండి, రెన్యువల్ మర్చిపోవద్దు.

గ్యాస్ గురించి కూడా. 14.2 కేజీల ఇంటి సిలిండరు మీద వ్యాపారం వంట చేస్తే పట్టుకుంటారు. 19 కేజీల కమర్షియల్ తీసుకోండి. గిన్నెలు కడిగిన నూనె నీళ్లు నేరుగా కాలవలోకి వదలకండి. సింకు కింద జల్లెడ, ఆ తర్వాత చిన్న తొట్టి పెట్టి పైన తేలిన నూనె తీసేస్తూ ఉండండి. కాలవ పూడితే వీధంతా మీ ఇంటి ముందే నిలబడుతుంది.

ప్రశ్న (ఒంగోలు, లాయర్‌పేట)

మాది అద్దె ఫ్లాటండీ. ఇంట్లో జాకెట్లు కుడతాను, ఒక్క మిషనే. నాకూ ఇదంతా అవసరమా?

జవాబు (మొదటివారే)

ఒక్క మిషన్, బోర్డు లేదు, బయటి పనివాళ్లు లేరు అంటే మీది జోనింగ్‌లో పెద్దగా అడ్డుపడే పని కాదు. మీకు అడ్డొచ్చేది అసోసియేషన్, ఇంటి ఓనరు. అగ్రిమెంట్‌లో "నివాసానికి మాత్రమే" అని ఉందేమో చూడండి. ఉంటే ఓనరు దగ్గర, అసోసియేషన్ దగ్గర సంతకంతో నో అబ్జెక్షన్ తీసుకోండి. లిఫ్టు, పార్కింగ్ వాడే కస్టమర్లు ఎన్ని గంటల మధ్య వస్తారో అందులోనే రాయించండి, గొడవ మొదలయ్యేది అక్కడే. బోర్డు పెట్టాలనిపించిన రోజు మాత్రం మళ్లీ అడగండి, దానికి మున్సిపల్ పర్మిషన్ వేరే ఉంటుంది.

ప్రశ్న (వేదాయపాళెం వారు)

చాలా థాంక్సండీ. మా వీధిలో ఆయన కంప్లైంట్ ముందే ఇచ్చేస్తే?

జవాబు (మొదటివారే)

నోటీసు వస్తే అందులో రాసిన గడువులోపే రాతపూర్వకంగా జవాబివ్వండి. ల్యాండ్ యూజ్, ట్రేడ్ లైసెన్స్ అప్లికేషన్ల రశీదు నంబర్లు అందులో వెయ్యండి, మోటారు లేదని ఫొటోలు జతచెయ్యండి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదానిమీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర లేని కాపీ ఉన్నా లేనట్టే.