ఎయిర్ రైఫిల్ స్టాక్ ఇంట్లోనే చెక్కొచ్చా?

రాజోలు కుర్రాడు: నమస్కారమండి. నాది ఒక్కో గుండే పెట్టి గాలి ఒత్తిడితో కాల్చే 0.177 అంగుళాల ఎయిర్ రైఫిల్. దాని ప్లాస్టిక్ స్టాక్, అంటే భుజానికి ఆనించి పట్టుకునే భాగం, చెంపకి ఆనట్లేదు. పెరట్లో పడిపోయిన నిద్రగన్నేరుని పలకలు కోయించాం. దాంతో చెక్కొచ్చా? తాతగారి సింగిల్ బ్యారెల్ తుపాకీ కూడా ఉంది, అదీ నేనే బాగుచేసుకోవచ్చా?

పాలకొల్లు వడ్రంగి: ఎయిర్ రైఫిల్‌కి చెక్కొచ్చు తమ్ముడూ, తొందర మాత్రం వద్దు. మన కాలవగట్ల చెమ్మకి అంగుళం మందం ఆరడానికి ఏడాది పడుతుంది. పలకని అప్పుడప్పుడూ తూకం వెయ్యి, బరువు తగ్గడం ఆగాకే ఉలి పట్టు. చెయ్యి పట్టే సన్నటి మెడ దగ్గర నార పొడుగునా సాగాలి. అడ్డం తిరిగిందో, అక్కడే విరుగుతుంది. నిద్రగన్నేరు నార అల్లుకుని ఉంటుంది, చివర్లో ఉలి కన్నా ఆకురాయి నయం.

ఇనప భాగానికి దీపం మసి పూసి, చెక్కలో దానికోసం తొలిచిన గాడిలో దింపు. మసి అంటిన చోటే పల్చగా గీకు, మళ్ళీ దింపు. విసుగు పుడుతుంది, కానీ బిగువంతా అక్కడే. తర్వాత అవిసె నూనె పల్చగా, గాడి లోపల కూడా పట్టించు. ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటికవే నిప్పంటుకోవచ్చు, విప్పి ఆరెయ్యి.

కాకినాడ షూటర్: 10 మీటర్ల పోటీకైతే రైఫిల్ 5.5 కిలోలు దాటకూడదండి. తాతగారి తుపాకీ జోలికి మాత్రం వెళ్ళొద్దు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ తయారీకీ, రిపేరు వృత్తికీ లైసెన్సు ఉండాలి. లైసెన్సు కాయితాలతో సహా లైసెన్సున్న షాపుకే పట్టుకెళ్ళండి.

రాజోలు కుర్రాడు: అలాగేనండి. పలకలు అటక మీద పెట్టనా, వసారాలోనా?

పాలకొల్లు వడ్రంగి: వసారాలో, నీడన. పలకకీ పలకకీ మధ్య సన్నటి చెక్క బద్దలు పెట్టు, గాలాడాలి.