అమ్మకు డయాలసిస్, నాకు ప్రొబేషన్: టెక్సాస్ నుంచి న్యూజెర్సీకి మారొచ్చా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. డాలస్ దగ్గర ఉంటాను. తాగి కారు నడిపిన కేసు, రెండోసారి. జైలుకు బదులు కోర్టు పర్యవేక్షణలో ఉండే రెండేళ్ల ప్రొబేషన్‌లో ఇంకా 14 నెలలు ఉంది. ఫీజులు, క్లాసులు ఏవీ బాకీ లేవు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో అన్నయ్య దగ్గరుంటున్న అమ్మకు కిడ్నీలు పాడై వారానికి మూడు రోజులు డయాలసిస్ చేస్తున్నారు. అన్నయ్య ఒక్కడే ఉద్యోగం చేసుకుంటూ తిప్పలేకపోతున్నాడు. వచ్చే వారం వెళ్లిపోయి, కాగితాలు అక్కడ పెట్టుకోవచ్చా? నాది హెచ్1బీ ఉద్యోగ వీసా.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ప్రయాణం ఆపు. చెప్పకుండా వెళ్తే ప్రొబేషన్ ఉల్లంఘన అవుతుంది, వారెంట్ కూడా రావచ్చు. అప్పుడు అమ్మ దగ్గర ఉండాల్సినవాడివి జైల్లో ఉంటావు.

రెండో డీడబ్ల్యూఐ (తాగి నడిపిన కేసు), ఏడాదికి తగ్గని ప్రొబేషన్ కాబట్టి నీ కేసు ఇంటర్‌స్టేట్ కాంపాక్ట్ కిందికి వస్తుంది, అంటే ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు రాష్ట్రం మారడంపై రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందం. దరఖాస్తు నీ పీఓ (ప్రొబేషన్ ఆఫీసర్) ద్వారానే వెళ్లాలి. అమ్మ జబ్బు ఒక్కటే చూపిస్తే న్యూజెర్సీ తప్పక ఒప్పుకోవాలని రూలేమీ లేదు. రూలు అడిగేది వేరు: ఇంకా 90 రోజులకు పైగా ప్రొబేషన్ మిగిలుండాలి, షరతులు పాటిస్తూ ఉండాలి, 180 రోజులుగా అక్కడే ఉంటున్న దగ్గరి కుటుంబసభ్యులు నీకు ఆసరా ఇస్తామని చెప్పాలి, ఉద్యోగమో బతుకుతెరువో చూపించాలి. కాబట్టి అన్నయ్య పేరు పెట్టు. అమ్మ పేరు పెడితే, ఆ ఆరోగ్యంతో ఆమె నీకేం సాయం చేయగలదని అడుగుతారు.

అక్కడి ఆఫీసర్ విచారించి జవాబివ్వడానికి 45 రోజుల గడువుంది. అమ్మ జబ్బు పనికొచ్చేది ఇక్కడే. అత్యవసరమని రెండు రాష్ట్రాలూ ఒప్పుకుంటే ముందుగా వెళ్లి రిపోర్ట్ చేయమంటారు. ఆ అభ్యర్థనకు రెండు పనిదినాల్లో జవాబు రావాలి. అదీ కాకపోతే కొన్నాళ్లు వెళ్లిరావడానికి ట్రావెల్ పర్మిట్ అడుగు. వరుసగా 45 రోజులు దాటి ఉంటే మాత్రం మకాం మార్చినట్టే లెక్క.

డాక్టర్ లెటర్ 'పేషెంట్ ఈజ్ సీరియస్' అని ఒక్క ముక్కతో సరిపెట్టేలా ఉండకూడదు. డయాలసిస్ ఏ రోజుల్లో, ఎన్ని గంటలకు, అయ్యాక ఆమె ఒంటరిగా ఇల్లు చేరలేదన్న మాట అందులో ఉండాలి. దానికి అన్నయ్య డ్యూటీ టైములు జతచెయ్యి. రెండూ పక్కపక్కన పెడితే నీ అవసరం వాళ్లకే కనిపిస్తుంది.

ప్రశ్న: థాంక్స్ అన్నా. అన్నయ్య అక్కడ ఆరేళ్లుగా ఉంటున్నాడు. ఇల్లు మారితే వీసాకేమైనా ఇబ్బందా?

జవాబు: మారిన 10 రోజుల్లో ఏఆర్-11 (ఇమిగ్రేషన్ వాళ్లకు కొత్త అడ్రస్ తెలిపే ఫారం) వెయ్యాలి. ఇంటి నుంచి పనిచేసినా ఊరు మారుతుంది కాబట్టి కంపెనీ హెచ్1బీ సవరణ వెయ్యాల్సి వస్తుంది, ముందే హెచ్ఆర్‌తో మాట్లాడు. డీడబ్ల్యూఐలు ఉన్నాయి కనుక ఇమిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా దేశం దాటొద్దు. కారులో ఇంటర్‌లాక్ (ఊపిరిలో మద్యం ఉంటే బండి స్టార్ట్ కానివ్వని పరికరం) ఉంటే ఎడిసన్ దగ్గర సర్వీస్ చేసేవాళ్లు ఉన్నారేమో ఇప్పుడే కనుక్కో. డాక్టర్ లెటర్ రాగానే పీఓకి ఈమెయిల్ పెట్టి, ఆ రోజే ఫోన్ కూడా చెయ్యి.