మంగలి కత్తి పదును తగ్గితే ఫినిషింగ్ రాయా, పేస్టా?

నున్నగడ్డం:
అందరికీ నమస్తే. నా దగ్గర కార్బన్ స్టీల్ మంగలి కత్తి ఉంది. నూరించి పెట్టిందే కొన్నాను, కొన్ని నెలలు బ్రహ్మాండంగా నడిచింది. ఈ మధ్య చెంపల మీద బాగానే పోతోంది కానీ పై పెదవి మీద, గడ్డం మీద వెంట్రుకను కోయకుండా లాగుతోంది, తర్వాత చాలాసేపు మంట. తోలుపట్టీ మీద రోజూ 40 సార్లు లాగుతూనే ఉన్నా, తేడా లేదు. వంటింటి కత్తుల కోసం కొన్న 1000/6000 రాయి ఒకటి ఉంది (ఒకవైపు 1000 గ్రిట్, రెండోవైపు 6000; అంకె పెరిగేకొద్దీ రాయి నున్నగా ఉంటుంది). ఇప్పుడు ఆఖరి మెరుగు పెట్టే 12000 ఫినిషింగ్ రాయి కొనాలా, లేక ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్ పేస్టు తోలుకి రాస్తే సరిపోతుందా? తెలిసినాయన ఒకరు 1000 నుంచి మొదలుపెట్టి మొత్తం నూరెయ్యమంటున్నారు, నాకేమో చెయ్యి పెట్టాలంటేనే టెన్షన్.

పాతకత్తి:
1000 జోలికి వెళ్లకండి. అంచు పెచ్చులూడినప్పుడో, రెండు వైపుల బెవెల్ (అంచు పక్కన ఏటవాలుగా నూరిన సన్నని భాగం) సరిగ్గా కలవనప్పుడో దానితో పని. నెలల తరబడి బాగా గీసిన కత్తికి అంత వైద్యం అక్కర్లేదు. వాడగా వాడగా అంచు చివర కాస్త గుండ్రబడింది, అంతే. తోలు ఆ అంచును సర్దుతుంది, మెరుగు పెడుతుంది, ఉక్కును అరగదీయడం మాత్రం దాని వల్ల దాదాపు కాదు. అందుకే 40 కాదు, 400 సార్లు లాగినా మీకు తేడా కనపడదు.

12000 రాయి, నీళ్లు, ఒక 10-15 సార్లు. సరిపోతుంది. కొత్త రాయైనా సరే ముందు చదును చూసుకోండి: పైన పెన్సిల్‌తో గళ్లు గీసి, గాజు పలక మీద వాటర్ పేపర్ పరిచి, తడిపి రుద్దితే గీతలన్నీ ఒకేలా చెరిగిపోవాలి, మధ్యలో మిగిలాయంటే అక్కడ గుంట ఉన్నట్టు. నూరేటప్పుడు కత్తి వెన్నూ అంచూ రెండూ రాయిని తాకాలి. కోణం గురించి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు, వెన్ను మందమే కోణాన్ని చూసుకుంటుంది, మీరు వెన్ను లేపకుండా ఉంటే చాలు. రాయి మీద అంచు ముందు నడవాలి, తోలు మీద వెన్ను ముందు నడవాలి. చివరికొచ్చాక ఎప్పుడూ వెన్ను మీదుగానే తిప్పాలి.

చెయ్యి బరువు అసలు వెయ్యకండి. బాగా కుదిరినప్పుడు మీకే తెలుస్తుంది, అంచుకి ముందున్న నీళ్లు సన్నగా పైకెక్కి బ్లేడు మీదికొస్తాయి, కత్తి రాయికి అతుక్కున్నట్టు కొంచెం లాగుతుంది. అక్కడ ఆపెయ్యాలి. ఇంకో నాలుగు ఎక్కువ లాగితే ఇంకా పదును వస్తుందన్న ఆశే చాలామంది అంచుల్ని పాడు చేస్తుంది.

పేస్టుపక్షం:
నెలకో రెండు నెలలకో ఒకసారి చేసే పనికి అంత ఖరీదైన రాయి ఎందుకండీ? క్రోమియం ఆక్సైడ్ రేణువు మామూలుగా 0.5 మైక్రాన్ ఉంటుంది, టచప్‌కి అది చాలు. కాకపోతే మీరు రోజూ వాడే తోలుకి మాత్రం రాయొద్దు, ఒకసారి పట్టిందంటే మళ్లీ పూర్తిగా పోదు. చదునైన బల్సా చెక్క ముక్క తీసుకుని పల్చగా రుద్దండి, చెక్క ఆకుపచ్చగా కనిపిస్తే చాలు, మెత్తాల్సిన పని లేదు. వెన్ను ముందు పెట్టి 8-10 సార్లు, గుడ్డతో తుడిచి, తర్వాత మామూలు తోలు. వేలాడే పట్టీ కంటే చెక్క ఎందుకంటే అది వంగదు. పట్టీని ఎంత బిగించి లాగినా కొంత వంగుతుంది, ఆ వంపు అంచు చుట్టూ తిరిగి దాన్ని గుండ్రంగా చేస్తుంది.

పాతకత్తి:
పేస్టు వద్దనను. కానీ ప్రతిసారీ పేస్టే అయితే అంచు మెల్లగా ఉబ్బెత్తుగా తయారవుతుంది, కొన్నాళ్లకి అదీ పనిచెయ్యదు, అప్పుడు రాయి దగ్గరికి రాక తప్పదు. ఇంకో మాట, ఆ 6000 మీద ఆపేసి గీసుకోవద్దు, వెంట్రుక తెగుతుంది గానీ చర్మం ఊరుకోదు.

గీతలరాయుడు:
రాయా పేస్టా అని కొట్టుకునే ముందు పదును ఎక్కడ పోయిందో చూడాలి కదా. పై పెదవి మీద అందరం బ్లేడు కొన వైపే వాడతాం, చెంపల మీద మధ్య భాగం. చెంపలు బాగున్నాయంటే మధ్యలో పదును ఉన్నట్టే, నాకైతే కొన మీదే అనుమానం. గడ్డం సంగతి వేరు, అక్కడ వెంట్రుక మందం కాబట్టి కొంచెం మొద్దుబారినా ముందు అక్కడే తెలుస్తుంది.

కత్తిని అంచు పైకి ఉండేలా పట్టుకుని టేబుల్ లైటు కింద మెల్లగా అటూ ఇటూ వంచండి. పదునైన అంచు వెలుతురును తిప్పికొట్టదు, నల్లగానే ఉంటుంది. సన్నని తెల్ల గీత కనిపిస్తే అక్కడ మొద్దుబారింది, విడిగా ఒక చుక్క మెరిస్తే పెచ్చు. పెచ్చయితే 12000 వల్ల కాదు, కింది రాళ్లకి దిగాల్సిందే. ఆ తర్వాత అంచు పొడవునా మార్కర్ పూసి రాయి మీద ఒక్కసారి తేలిగ్గా లాగండి. సిరా మిగిలిన చోట రాయి తగలట్లేదు.

నున్నగడ్డం:
చూశానండీ. కొన దగ్గర బొటనవేలి వెడల్పు మేర తెల్ల గీత ఉంది, మిగతాదంతా నల్లగానే ఉంది, చుక్కలేం లేవు. తెలిసిన వాళ్ల 12000 రాయి తెచ్చి మార్కర్ కూడా చేశాను. విచిత్రం ఏంటంటే బెవెల్ పైభాగంలో సిరా పోయింది, సరిగ్గా అంచు మీద మాత్రం మొత్తం పొడవునా అలాగే ఉంది!

గీతలరాయుడు:
అలాగైతే ముందు నూరినవాళ్లు వెన్నుకి టేప్ వేసి నూరి ఉంటారు. ఒక్క పొర టేప్‌తో వెన్ను లేచి కోణం కొద్దిగా పెరుగుతుంది. ఇప్పుడు మీరు టేప్ లేకుండా ఎన్నిసార్లు లాగినా బెవెల్ భుజం, అంటే దాని పైభాగం, అరుగుతుందే తప్ప రాయి అంచు దాకా రాదు. మామూలు కరెంటు ఇన్సులేషన్ టేప్ ఒక పొర వెన్ను పొడవునా ముడత లేకుండా అంటించి మళ్లీ మార్కర్ టెస్టు చెయ్యండి. ఈసారి అంచు మీద సిరా పోతే అదే కారణం. తర్వాత పిడి వైపు నుంచి మొదలుపెట్టి కొన దాకా ఏటవాలుగా లాగుతూ 10 సార్లు, మళ్లీ లైటు కింద చూడండి. నూరుతున్నప్పుడు టేప్ చిరిగితే వెంటనే మార్చాలి.

పేస్టుపక్షం:
బల్సా మీద చేసినా ఆ టేప్ ఉంచండి. మామూలు తోలుకి అక్కర్లేదు, అది మెత్తన కాబట్టి అంచు దాకా అందుతుంది.