అప్‌డేట్: 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్' మొత్తానికి పూర్తి చేశాను

పోయిన నెల నేను అడిగింది ఇదీ: జోసెఫ్ కాన్రాడ్ నవల 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్' ఇరవై పేజీలు దాటడం లేదు, వదిలేయనా? ముందు కాంగో చరిత్ర కాస్త చూసి మళ్లీ మొదలుపెట్టమన్నారు మీలో ఒకరు. ఆ మాట విన్నాను, మంచిదైంది.

బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ 1885 నుంచి 1908 దాకా కాంగోను సొంత ఆస్తిలా ఏలాడనీ, కాన్రాడ్ 1890లో అక్కడ స్టీమరు మీద పనిచేశాడనీ తెలిశాక కథ వేరేలా కనిపించింది. కథలో ఒకచోట మెడలకు ఇనుప పట్టీలతో, ఒకే గొలుసుకు కట్టిన ఆరుగురు తలల మీద మట్టి తట్టలతో దారెక్కి వస్తుంటారు. కొంచెం అవతల చెట్ల నీడలో చావుకు దగ్గరైన కూలీలు. ఒకడి మెడలో తెల్ల ఊలు దారం. కథ చెప్పే నావికుడు మార్లో తన జేబులో ఉన్న బిస్కెట్ అతని చేతికిస్తాడు, అంతే. ఆ దారం ఎందుకు కట్టుకున్నాడో మార్లోకీ అర్థం కాదు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

మార్లో వెతుక్కుంటూ వెళ్లే ఏనుగు దంతాల ఏజెంటు కర్ట్జ్ మాత్రం, అంత టెన్షన్ పెట్టి తీరా వచ్చాక వట్టి మాటల మనిషే అనిపించాడు. రచయిత ఉద్దేశం కూడా అదేనేమో.

ఈ నవల మీద నైజీరియా రచయిత చినువా అచెబె 1975లో ఇచ్చిన ఉపన్యాసం గురించి చెప్పినవారికి థాంక్స్. కాన్రాడ్‌ను ఆయన జాత్యహంకారి అన్నది మొదట అతి అనుకున్నాను. వెనక్కి వెళ్లి చూస్తే, ఇంత కథలో ఆఫ్రికన్లు నోరు విప్పేది ఒకటి రెండు చోట్లే. కర్ట్జ్ చనిపోయాడని చెప్పే కుర్రాడికి దక్కింది ఒక్క ముక్క.

ఇప్పుడు అచెబె నవల 'థింగ్స్ ఫాల్ అపార్ట్' పట్టుకున్నాను. ఇది ఇరవై పేజీల దగ్గర ఆగలేదు లెండి.