సిటిజన్‌షిప్ ఫారంలో పాత సైటేషన్: ఏ కాగితాలు పెట్టాలి?

అందరికీ నమస్తే. మేముండేది టెక్సస్‌లో. మా వారికి గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు నిండుతున్నాయి, సిటిజన్‌షిప్ దరఖాస్తు ఫారం ఎన్-400 నింపుతున్నాం. ఎమ్మెస్ చదివే రోజుల్లో అపార్ట్‌మెంట్‌లో ఉగాది పాటల గోల ఎక్కువైందని పక్కవాళ్లు ఫోన్ చేస్తే పోలీసులొచ్చి, లీజు ఈయన పేరు మీద ఉందని ఈయన చేతికే సైటేషన్ (కేసు రాసిన చీటీ) ఇచ్చి వెళ్లారు. అరెస్టు లేదు, వేలిముద్రల్లేవు. అది టెక్సస్‌లో అన్నిటికన్నా చిన్నదైన క్లాస్ సి నేరం, జరిమానా 500 డాలర్లకు మించదు. మున్సిపల్ కోర్టులో నో కాంటెస్ట్ (తప్పు ఒప్పుకోను, వాదించను) అని, డిఫర్డ్ డిస్పొజిషన్ (షరతులు పెట్టి తీర్పు ఆపి ఉంచడం) తీసుకుని గడువు పూర్తి చేస్తే కేసు కొట్టేశారు. తర్వాత రికార్డు ఎక్స్‌పంజ్ కూడా అయింది, అంటే చెరిపేశారు.

చెరిపేసిన రికార్డైనా చెప్పాలని ఫారం సూచనల్లోనే ఉంది కాబట్టి ఎప్పుడైనా సైటేషన్ వచ్చిందా అన్న ప్రశ్నకు 'అవును' అనే పెడతాం. "ఏం కాదు, వదిలెయ్యండి" అనే బాబాయిల సలహాలు ఇప్పటికే బోలెడు విన్నాం!

నా సందేహం వేరే. 500 లోపు జరిమానాకు కాగితాలు అక్కర్లేదన్న సడలింపు ట్రాఫిక్ వాటికే కదా. కోర్టు క్లర్కునడిగితే మా దగ్గర రికార్డే లేదంటోంది. ఆ మాటే ముద్ర వేసిన లెటర్‌గా తీసుకుని, ఎక్స్‌పంక్షన్ ఆర్డరు కాపీతో జతచేస్తే సరిపోతుందా? ఇంకొకటి, నో కాంటెస్ట్ అని షరతులు పాటిస్తే, రాష్ట్రం కొట్టేసినా ఇమ్మిగ్రేషన్ లెక్కలో కన్విక్షన్ (నేరం రుజువైనట్టు) కావచ్చంటారు. మరి ఫలితం గడిలో 'డిస్మిస్డ్' అని ఊరుకోవాలా, జరిగిందంతా విడి కాగితం మీద రాయాలా? ఇలాంటిదే ఇంటర్వ్యూలో ఎదుర్కొన్నవాళ్లుంటే ఆఫీసరు ఏం అడిగారో కాస్త చెప్పండి. లాయర్ని ఎలాగూ కలుస్తాం, ఈలోగా కాగితాలు తెప్పించి పెట్టుకుందామని.